నలభై ఏడుకి సున్నా

ఆ నలభై ఏడో నంబరువాడికి సత్యశ్రీ పదకొండోసారి సున్నా వేసింది. వేసి, మౌసు మీంచి చెయ్యి తియ్యకుండా కాసేపు అలాగే కూర్చుంది.

తెర మీద పచ్చగడ్డి మైదానం ఆగిపోయి ఉంది. గడ్డి మీద సున్నం గీతలు. వంకాయరంగు చొక్కాలవాళ్ళు, తెల్లచొక్కాలవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఒక కాలు గాల్లో ఉంచి నిలిచిపోయారు. ఎవరి మొహమూ కనిపించదు. అందరి తలలకీ హెల్మెట్లే. వీపు మీదున్న నంబరే మనిషికి పేరు.

వంకాయరంగు చొక్కాలవాళ్ళది అమెరికాలో ఏదో చిన్న కాలేజీ జట్టు. ఆ కాలేజీ పేరు కూడా ఆఫీసువాళ్ళు చెప్పరు. ఫైలు మీద ఒక కోడ్ ఉంటుంది, అంతే. ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ కాలువకి ఇవతల, నాలుగో అంతస్తులో, తొమ్మిది కుర్చీలున్న గదిలో కూర్చుని ఆ జట్టు ఆటని ముక్కలు ముక్కలుగా చూసి మార్కులు వెయ్యడం సత్యశ్రీ పని. తొమ్మిది కుర్చీల్లో ఇప్పుడు ముగ్గురే కూర్చుంటున్నారు. మిగతావాళ్ళు బ్యాంకాక్ అనీ, మలేషియా అనీ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఖాళీ అయిన కుర్చీల మీద ఈ ముగ్గురూ గొడుగులు, టిఫిన్ క్యారేజీలు పెట్టుకుంటున్నారు.

చేరిన రోజున ఫుట్‌బాల్ అంటే తనకి తెలిసిన ఫుట్‌బాలే అనుకుంది సత్యశ్రీ. తీరా చూస్తే బంతి గుండ్రంగా కూడా లేదు. ఆ బంతిని కాలితో తన్నేదే తక్కువ. ఆ తన్నే ముక్కలే ఆమె వంతుకొచ్చాయి. ఒక జట్టు బంతిని తన్ని అవతలి చివరికి పంపుతుంది. అక్కడున్నవాడు దాన్ని పట్టుకుని, చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే ఎదురు పరుగెత్తుకొస్తాడు. వాణ్ణి పడగొట్టడానికి తన్నిన జట్టువాళ్ళు పదిమంది ఊపిరి బిగబట్టి పరుగెత్తుకొస్తారు. వాళ్ళకి అడ్డుపడి తమవాడికి దారి చెయ్యడం మిగతా పదిమంది పని. దీన్ని బ్లాక్ చెయ్యడం అంటారు. కొన్నిసార్లు ఇద్దరు కలిసి ఒకణ్ణి పట్టేస్తారు. కొన్నిసార్లు మైదానం అంచున వరసకట్టి దడిలా నిలబడతారు. కొన్నిసార్లు ఇద్దరు భుజం భుజం కలిపి పడవ మూతిలా ముందు సాగుతారు. ముగ్గురు కలిస్తే తప్పు. వెనకనుంచి తోస్తే తప్పు, రెఫరీ పసుపు గుడ్డ విసురుతాడు. అంతా కలిపి ఆరేడు సెకన్లు. ఆ ఆరేడు సెకన్లని సత్యశ్రీ గంటసేపు చూస్తుంది.

మార్కుల పద్ధతి గోడ మీద అంటించి ఉంటుంది. ఎదుటివాణ్ణి తాకి ఒక సెకను ఆపితే ఒకటి. పడగొడితే రెండు. తాకకపోతే సున్నా.

నలభై ఏడో నంబరువాడు ముందు వరసలో ఎడమ చివర నిలబడతాడు. బంతి గాల్లోకి లేవగానే వెనక్కి తిరిగి ఇరవై గజాలు పరుగెత్తుతాడు. ఆగుతాడు. ఇటు తిరుగుతాడు. మోకాళ్ళు కొంచెం వంచి, రెండు చేతులూ కోడిని పట్టడానికి వెళ్ళినవాడిలా విప్పుతాడు. బంతి వెనకనుంచి వస్తున్నా వెనక్కి చూడడు. తెల్లచొక్కావాడు పెద్ద ఊపుతో వస్తాడు, వచ్చి వచ్చి వీణ్ణి చూసి అర అడుగు తడబడతాడు, బయటివైపు తిరిగి చుట్టి వెళ్ళాలని చూస్తాడు. అప్పటికి బంతి లోపలివైపునుంచి వెళ్ళిపోయి ఉంటుంది. ఒకరినొకరు తాకరు. వీడి చొక్కాకి మట్టి కూడా అంటదు.

అవతలి చివరనుండే ఇరవై రెండో నంబరువాడు బంతి దాటిపోయాక కూడా పరుగెత్తుకెళ్ళి ఎవణ్ణో ఒకణ్ణి డొక్కలో పొడిచి పడేస్తాడు. వాడికి ప్రతిసారీ రెండు.

మూడు వారాలుగా సత్యశ్రీ పద్ధతి ప్రకారమే వేస్తూ వచ్చింది. ఈ సోమవారం ఎందుకో పన్నెండో కిక్ దగ్గర వేలు ఆగింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. నలభై ఏడు లేకపోతే ఆ తెల్లచొక్కావాడు తిన్నగా వచ్చి బంతి మీద పడేవాడే. చుట్టూ చూసి, సున్నాకి బదులు ఒకటి వేసింది. దాని తర్వాతది కూడా తెరిచి ఒకటి వేసింది. అలా నాలుగు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక జూలియట్ వచ్చి వెనక నిలబడింది. ఆమె టీమ్ లీడరు. అహ్లోన్‌లో బాప్టిస్టు చర్చి వెనక ఉంటుంది. బర్మీస్‌లో మొదలుపెట్టి, కోపం వస్తే తెలుగులోకి దిగుతుంది.

"ఏటే సత్తీ, మార్కులు తప్పని నాలుగు ఎర్ర గుర్తులు ఒచ్చీసినాయి నీకు. తాకినాడా ఆడు?"

"తాకనేదక్కా."

"మరి ఒకటెందుకేసినావు?"

"ఆడక్కడ నిలబడబట్టే కదక్కా అవతలోడు తిరిగిపోనాడు. ఒక్కసారి సూడు."

జూలియట్ వంగి చూసింది. రెండుసార్లు చూసింది. నిట్టూర్చింది.

"నాకూ కళ్ళున్నాయే. కానీ నిలబడ్డోడికల్లా మార్కులేస్తే గోడకీ ఎయ్యాల, గోల్ స్తంభానికీ ఎయ్యాల. ఈ వారం నీ పని తూకం వేస్తన్నారు. నీ మార్కులు నూటికి తొంభై అయిదు పద్ధతితో కలిస్తే పర్మినెంటు. కలవకపోతే నీ కుర్చీ మీద కూడా గొడుగు పెట్టుకుంటాం." కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. "ఇంతకీ ఆడు నీకేటవుతాడే?"

పక్క కుర్చీలో ఉన్న మా ఖిన్ అనే బర్మా అమ్మాయి తెలుగు రాకపోయినా నవ్వింది. సత్యశ్రీ నాలుగు ఒకట్లనీ చెరిపి నాలుగు సున్నాలు వేసింది.

*

తమ పేట తాకేటాలో బస్సు దిగి సందులోకి తిరిగేసరికి కరెంటు లేదు. తండ్రి బంగారయ్య గుమ్మంలో పీట మీద కూర్చుని, వెలుతురు పోకముందే వక్కలు కత్తిరిస్తున్నాడు. కుడికాలు చాపుకుని ఉన్నాడు. ఆ మోకాలు వంగక ఏడాది కావస్తోంది.

లోపలికి అడుగు పెడుతూనే సత్యశ్రీ గోడవైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది.

"తాడేదీ?"

"గుడి కమిటీ రాజబాబు ఒచ్చి అట్టుకెళ్ళినాడు." వక్క మీంచి కన్ను తియ్యలేదు బంగారయ్య. "ఈ ఏడు లింగరాజు పట్టుకుంటాడంట. కుర్రోడు, బలమైనోడు. మంచిదే కదా."

ఆదివారం అమ్మవారి ఊరేగింపు. నెత్తి మీద ఘటం పెట్టుకున్న మనిషి సందంతా తిరగాలి. జనం మీద పడకుండా ముందొక మనిషి తాడు పట్టుకుని నడుస్తాడు. మణికట్టంత లావు తాడు, ఒకప్పుడు అహ్లోన్ రేవులో పడవల్ని కట్టినది. దాని రెండు కొసలూ వెనక ఇద్దరు పట్టుకుంటే, నడుముకి ఆనించుకుని మొనలా ముందు నడిచేవాణ్ణి తాడుమనిషి అంటారు. ముప్పై ఒక్క ఏళ్ళు బంగారయ్యే తాడుమనిషి. ఆ ముప్పై ఒక్క ఏళ్ళూ తాడు ఈ మేకుకే ఉండేది. సున్నం గోడ మీద దాని చుట్టలంత మేర మాసిపోయి, గుండ్రటి నీడలా మిగిలింది.

సత్యశ్రీ సంచి దించి పక్కన పెట్టింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది. ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పే అలవాటు ఆమెకి లేదు. చెప్పినా ఆయనకి కంప్యూటరంటే టీవీ లాంటిదే. కానీ ఆ రోజు ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. చెప్పుకోడానికి పేరు తెలిసిన స్నేహితులందరూ ఊరు వదిలిపోయి ఫోన్లో ఫొటోలైపోయారు.

"నాన్నా, ఇటు సూడు." పదకొండు వక్క ముక్కలు ఏరి గచ్చు మీద పేర్చింది. ఎదురుగా అగ్గిపుల్లలు పెట్టింది. "ఇదిగో, ఈ ఎనకున్నోడి దగ్గరుంటాది బంతి. ఈ పుల్లలన్నీ ఆణ్ణి పడగొట్టడానికి ఒస్తాయి. ఈ వక్కలు దారి సెయ్యాల."

బంగారయ్య కత్తెర కింద పెట్టాడు.

ఆమె ఎడమ చివరి వక్కని వెనక్కి జరిపింది, తిప్పింది. పుల్లని దాని దాకా తెచ్చి, పక్కకి తిప్పి, బయటినుంచి చుట్టి తీసుకెళ్ళింది. బంతి వక్కని లోపలినుంచి పోనిచ్చింది. "తాకనేదు నాన్నా. పదిహేనుసార్లు ఇలాగే. పదిహేనుసార్లూ సున్నా ఏసినాను."

బంగారయ్య ఆ వక్క ముక్కనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వేలితో దాన్ని అర అంగుళం లోపలికి జరిపాడు.

"ఇక్కడుండాల ఈడు. అక్కడ కాదు. లోపలికుంటేనే అవతలోడికి బయట ఖాళీ కనిపిస్తాది."

"అవును. అక్కడే ఉంటాడు. నేనే తప్పు పెట్టినాను." ఆమె ఆశ్చర్యంగా ఆయన మొహంలోకి చూసింది.

"జనాన్ని తొయ్యకూడదమ్మా. తోస్తే తిరగబడతాది. ఎదురుగా పోయి నిలబడాల. ఆడికి ఏ పక్కకి ఎల్లాలని ఉన్నాదో ఆ పక్క ఆడికే ఒగ్గీయాల. ఆడే ఎల్తాడు, తనే ఎల్లినాననుకుంటాడు. సెయ్యి ఎయ్యాల్సి ఒచ్చిందంటే అప్పటికే ఆలిశెం అయిపోనాదన్నమాట." వక్కని మళ్ళీ వేలితో కదిపాడు. "ఎనక్కి సూస్తాడా ఈడు?"

"సూడడు."

"సూడకూడదు మరి. మనం ఎనక్కి సూస్తే జనమూ అటే సూస్తారు. అటే ఒస్తారు." ఆయన ఆ వక్క ముక్కవైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఏ ఊరోడు?"

"అమెరికా."

"మనోళ్ళేనా?"

"తెల్దు నాన్నా. మొహం కనపడదు."

అప్పుడే కరెంటొచ్చింది. "మీ లా బీ!" అని బర్మీస్‌లో సందంతా పిల్లలూ పెద్దలూ ఒక్కసారి అరిచారు. బల్బు వెలుతురులో గచ్చు మీది వక్కలు, పుల్లలు చిన్నవిగా, పిచ్చివిగా కనిపించాయి. బంగారయ్య వాటిని పోగుచేసి డబ్బాలో వేశాడు. ఆ ఎడమ చివరి ముక్కని మాత్రం నోట్లో వేసుకున్నాడు.

*

మంగళ, బుధ, గురువారాలు సత్యశ్రీ గోడ మీది పద్ధతిని అక్షరం తప్పకుండా పాటించింది. వచ్చిన ముక్కలన్నిటిలోనూ నలభై ఏడు తన చోట తనుండేవాడు. సున్నా. మళ్ళీ సున్నా. ఒకసారి వర్షంలో ఆడారు. గడ్డి మీద నీళ్ళు లేస్తున్నా వాడు వెనక్కి పరుగెత్తి, జారి, ఒక చెయ్యి నేలకి ఆనించి లేచి, చేరాల్సిన చోటికే చేరుకున్నాడు. తెల్లచొక్కావాడు చుట్టి పోయాడు. బంతి నలభై గజాలు వెళ్ళింది. జట్టంతా బంతి పట్టుకున్నవాడి మీదికెక్కి ఎగురుతుంటే నలభై ఏడు ఒక్కడే తన చోటునుంచి నడుచుకుంటూ వచ్చాడు, మోకాలి బురద దులుపుకుంటూ.

ఆ నడకని సత్యశ్రీ మూడుసార్లు చూసింది. దానికి మార్కులేమీ లేవు, చూడాల్సిన పనీ లేదు. సున్నా వేసి మెట్ల మీద కూర్చుని ఒక్కతే అన్నం తింది.

శుక్రవారం పొద్దున్న జూలియట్ ఒక కాగితం తెచ్చి కీబోర్డు మీద పెట్టింది. "తొంభై ఆరు పాయింట్ రెండు. పర్మినెంటు. మొహం అలా పెడతావేటే, నవ్వవే! సాయంత్రం లఫెయే టీ నీ ఖర్చే."

సత్యశ్రీ నవ్వింది. వాళ్ళింట్లో డిగ్రీ చదివినది తనే, ఉద్యోగం కాగితం చేతిలో పట్టుకున్నదీ తనే. నిజంగానే సంతోషమేసింది. కాగితాన్ని మడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కుర్చీ వెనక తగిలించింది. తర్వాత కొత్తగా వచ్చిన ఆట తెరిచింది. వాళ్ళు వారంలో ఏ రోజున ఆడతారో ఆమెకి తెలీదు. పని వచ్చిన రోజే ఆమెకి ఆట రోజు.

మొదటి కిక్. ఎడమ చివర ముప్పై ఒకటో నంబరు.

నలభై ఏడు వేరే చోట నిలబడ్డాడేమోనని పదకొండు మందినీ లెక్కపెట్టింది. లేడు. రెండో కిక్‌లోనూ లేడు. మూడో దానిలోనూ లేడు. ముప్పై ఒకటి బలంగా ఉన్నాడు. ఎదుటివాడి మీదికి తిన్నగా ఉరికి ఢీకొట్టాడు, ఇద్దరూ కిందపడ్డారు. వాడికి రెండు. వాడు పడిన సందులోంచి ఇంకొక తెల్లచొక్కా దూసుకొచ్చి బంతివాణ్ణి పడగొట్టాడు. అయినా ముప్పై ఒకటికి రెండే.

సత్యశ్రీ ఆ ఆటని పక్కన పెట్టింది. పాత ఫైళ్ళు తెరిచి చూసింది. నాలుగు ఆటలు. నలభై ఏడు ఎదురుగా ఉన్న గడులన్నీ సున్నాలే. ఆ సున్నాలన్నీ తన వేలితో నొక్కినవే. ప్రతి గడి కింద తన ఐడీ ఉంది. కుర్చీ వెనక ప్లాస్టిక్ సంచి ఫ్యాను గాలికి కదులుతోంది.

ప్రతి ముక్క కిందా వ్యాఖ్య రాసే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. బొమ్మ మసగ్గా ఉంటేనో, నంబరు కనిపించకపోతేనో అందులో రాయాలి. ఇంకేమీ రాయకూడదు. సత్యశ్రీ ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసింది: నలభై ఏడో నంబరు ఎక్కడ? రాసి, పంపే మీట నొక్కేసింది.

*

జవాబు శనివారం వచ్చింది. శనివారం సగం రోజే ఆఫీసు. కింద జనరేటరు మోత, గదిలో మా ఖిన్ కూడా లేదు.

రాసినవాడి పేరు లేదు. నలభై ఏడుకి మా రిటర్న్ జట్టులో అందరికన్నా తక్కువ మార్కులొచ్చాయి, అందుకని పక్కన పెట్టాం, ఎందుకడుగుతున్నారు, అని ఉంది.

సత్యశ్రీ ఆ మూడు ముక్కలూ చదివింది. 'ఎందుకడుగుతున్నారు' దగ్గర చాలాసేపు ఆగింది. అంటే అవతల ఒక మనిషి ఉన్నాడు. అడిగితే వింటాడో లేదో గానీ, ఉన్నాడు.

రాయడం మొదలుపెట్టింది. కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు, దరఖాస్తు ఇంగ్లీషు. 'గౌరవనీయులైన అయ్యా' అని మొదలుపెట్టి చెరిపేసింది. పెట్టెలో పట్టేది కొన్ని అక్షరాలే. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపింది. చివరికి తండ్రి చెప్పిందే, చెప్పిన వరసలోనే రాసింది. అతను తాకడు, ఎందుకంటే ముందే వస్తాడు. లోపలివైపు నిలబడి బయటివైపు వదులుతాడు. ఎదుటి మనిషి తనే వెళ్ళిపోతాడు. చెయ్యి వెయ్యాల్సి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. సున్నాలు వేసింది నేనే. తప్పు కొలతది.

పంపేసింది.

అరగంటలో జూలియట్ ఫోను పట్టుకుని గదిలోకి వచ్చింది.

"సత్తీ, ఆ పెట్టెలో ఏటి రాసినావే? ఆఫీసాయన నాకు ఫోన్ సేసి దులిపీసినాడు. కస్టమరుకి తిన్నగా రాసీసినావా? కొలత తప్పని రాసీసినావా?"

"రాసినానక్కా."

"ఓలమ్మ! రాసినానక్కా అంటాది సూడు, పరీక్ష రాసినట్టు!" జూలియట్ ఖాళీ కుర్చీ మీది గొడుగు పక్కకి పెట్టి కూలబడింది. "పర్మినెంటైన మర్నాడే మెమో తెచ్చుకున్నదానివి ఈ ఆఫీసులో నువ్వొక్కదానివే. ఆడు నల్లోడో, తెల్లోడో, మంచోడో, తాగుబోతో నీకు తెల్దు. ఆడికి నువ్వున్నావని తెల్దు."

"తెలీకపోతేనేం గానీ అక్కా, ఆడి సోటు తీసింది నేనే కదా."

జూలియట్ పెన్ను తీసి చేతికిచ్చింది. మెమో కాగితం మీద సంతకం పెట్టించుకుంది. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "జవాబొచ్చింది, సూసుకో. ఇంకేటీ రాయకు, నీకు దణ్ణం పెడతాను," అంది.

జవాబు ఒక్క మాట. థాంక్స్.

దాన్ని ఎటు తిప్పి చూసినా దాని వెనక ఏముందో తెలియలేదు. తాకేటా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వంతెన మీద బస్సు ఆగిపోయినంతసేపూ ఆ మాటనే నాలుక మీద తిప్పుకుంది. బస్సు నిండా మనుషులే. చెప్పుకోదగ్గ మనిషి ఒక్కరూ లేరు.

*

ఆదివారం మధ్యాహ్నం డప్పులు సందు మొదట్లో వినిపిస్తుండగానే సత్యశ్రీ కుర్చీ తెచ్చి గుమ్మం బయట వేసింది. అమ్మవారు వచ్చే వైపు మొహం పెట్టి వేసింది.

"ఈ ఏడైనా మొహం సూద్దువు గానీ నాన్నా. ముప్పై ఒక్క ఏళ్ళనుంచి నీ వీపే సూసిందామె."

"ఎకసెక్కాలు నీకు," అంటూ బంగారయ్య కొత్త లోంజీ సర్దుకుని కూర్చున్నాడు. తల దువ్వుకున్నాడు. సంతోషంగానే ఉన్నట్టు కనిపించాడు.

ఊరేగింపు వాళ్ళింటి పక్క టీకొట్టు మూల దాకా బాగానే వచ్చింది. అక్కడ సందు ఇరుకు. పొట్టి స్టూళ్ళ మీద కూర్చున్న బర్మా జనం లేచి చూస్తున్నారు. ఇటునుంచి దణ్ణం పెట్టుకునేవాళ్ళు తోసుకుంటూ ఎదురెళుతున్నారు. లింగరాజు తాడు నడుముకి బిగించి, మోచేతులతో నెట్టుకుంటూ వస్తున్నాడు. ఒకణ్ణి నెడితే ఇద్దరు వచ్చి పడుతున్నారు. ఎవరిదో పళ్ళెం జారి కొబ్బరిచెక్కలు కాళ్ళకింద దొర్లాయి. ఘటం ఎత్తుకున్న మనిషి ఆగిపోయాడు. ఘటం ఊగింది. "జరగండి, జరగండి!" అని రాజబాబు మైకులో అరుస్తున్నాడు.

బంగారయ్య కర్ర ఊని లేచాడు. నాన్న వెళ్ళిపోతాడేమోనని సత్యశ్రీ చెయ్యి పట్టుకోబోయింది. ఆయన వెళ్ళలేదు. కుర్చీని చేత్తో పట్టుకుని ఒక అడుగు సందులోకి జరిపాడు. దాన్ని అటునుంచి ఇటు తిప్పాడు. అమ్మవారికి వీపు పెట్టి, ఎదురొచ్చే జనంవైపు మొహం పెట్టి, కాలు చాపుకుని కూర్చున్నాడు. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఇటునుంచి ఉరికొస్తున్న ఇద్దరు ముగ్గురు ముసలాయన కాలు చూసి తడబడ్డారు. మురిక్కాలవ పక్కన ఖాళీ ఉంది. అటు తిరిగారు. వాళ్ళ వెనకవాళ్ళూ అటే తిరిగారు. ఎక్కువమంది కారు, ఓ పదిమందో పదిహేనుమందో. ఆ మాత్రం సందు చాలింది. లింగరాజు తాడుతో, డప్పులతో, ఘటంతో ఊరేగింపు బంగారయ్య వీపు వెనకనుంచి, ఆయన కుర్చీకి మూరెడు దూరంలో దాటిపోయింది. పసుపునీళ్ళు ఆయన చొక్కా మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

రాజబాబు మైకులో లింగరాజు పేరు చెప్పి చప్పట్లు కొట్టమన్నాడు. అందరూ కొట్టారు. బంగారయ్య కూడా కొట్టాడు.

"ఏం నాన్నా, ఈ ఏడూ ఆమె మొహం సూడనేదు కదా," అంది సత్యశ్రీ, ఆయన్ని లేపుతూ.

"డప్పు ఇన్నాను కదా." చొక్కా మీది పసుపు చుక్క తడిమి చూసుకున్నాడు. "కుర్రోడు మంచోడే. సేతులు మోకాళ్ళ మీద పెట్టుకోడం ఎవులైనా సెప్పాల ఆడికి."

*

తర్వాతి ఆట మంగళవారం వచ్చింది.

సత్యశ్రీ వెంటనే తెరవలేదు. నీళ్ళు తాగింది, తెర తుడిచింది. తెరిచాక కూడా ముందు కుడివైపు వరసనుంచి మొదలుపెట్టి, మార్కులు వేసుకుంటూ, చివర్న ఎడమవైపుకి వచ్చింది.

ముప్పై ఒకటే. నలభై ఏడు లేడు.

సరేననుకుంది. ఒక్క మాట థాంక్స్‌లో అంతకన్నా ఏముంటుంది? మొదటి మూడు కిక్‌లలోనూ బంతి అవతలి గీత దాటిపోయింది. ఎవరికీ పని పడలేదు. నాలుగోది మైదానంలోనే పడింది.

ముప్పై ఒకటి వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఇరవై గజాలు. ఆగాడు. ఇటు తిరిగాడు. ఎదుటివాడి మీదికి ఉరకలేదు. ఒక అడుగు లోపలివైపు వేసి, మోకాళ్ళు వంచి, రెండు చేతులూ విప్పి నిలబడ్డాడు. వెనక్కి చూడలేదు. తెల్లచొక్కావాడు ఊపుగా వచ్చి, అర అడుగు తడబడి, బయటివైపు తీసుకున్నాడు. బంతి లోపలినుంచి వెళ్ళిపోయింది.

సత్యశ్రీ మౌసు వదిలేసింది. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. గచ్చు మీద వక్క ముక్కని అర అంగుళం లోపలికి జరిపిన వేలు గుర్తొచ్చింది. ఆ వేలు ఇంత దూరం వెళ్ళిందా? తన ఫోను కింది అంతస్తు లాకరులో ఉంది. ఉన్నా, నాన్నకి ఫోన్లో ఇదంతా ఎలా చెప్పడం?

మళ్ళీ చూడ్డానికి వెనక్కి తిప్పింది. ఈసారి ముప్పై ఒకటిని కాక, తెర మొత్తాన్ని చూసింది. పైఅంచున, మైదానం గీతకి అవతల, ఆడనివాళ్ళు నిలబడే చోట, వంకాయరంగు చొక్కాల గుంపునుంచి విడిగా ఒకడున్నాడు. హెల్మెట్ లేదు. బంతి గాల్లోకి లేవగానే వాడు గీత పక్కనే, ముప్పై ఒకటికి సమంగా, వెనక్కి పరుగెత్తాడు. ఆగాడు. తిరిగాడు. ఒక అడుగు లోపలికి వేసి చేతులు విప్పాడు. ఎదురుగా ఎవరూ లేరు. నోరు తెరిచి ముప్పై ఒకటివైపు ఏదో అరుస్తున్నాడు.

బొమ్మ పెద్దది చేసింది. చుక్కలు చుక్కలుగా విచ్చిపోయింది. మొహం ఉంది, గోధుమరంగు బొట్టులాగా. అంతకన్నా ఏమీ తెలియలేదు. నంబరు చూడనక్కర్లేకపోయింది. ఆ మోకాళ్ళు ఆమెకి తెలుసు.

తన ఉత్తరం చదివి కోచ్ నేర్పించాడా? లేకపోతే చోటు పోయినవాడే, ఆ చోటుకి వచ్చినవాడికి దగ్గరుండి నేర్పుతున్నాడా? ఈ గదిలో కూర్చుని తెలుసుకునే దారి లేదు. ఆరు సెకన్ల ముక్కని ఆమె మళ్ళీ మళ్ళీ తిప్పింది. ప్రతిసారీ వాడు ఒంటరిగా వెనక్కి పరుగెత్తి, ఖాళీ గాలికి ఎదురుగా చేతులు విప్పి నిలబడ్డాడు. ఉండబట్టలేక, వాడికీ మార్కు వెయ్యాలని, వాడి చుట్టూ ఒక గడి గీయబోయింది. యంత్రం ఒప్పుకోలేదు. గీతకి అవతల ఉన్నవాళ్ళు లెక్కలోకి రారు.

"ఏటే, ఒక్క ముక్క మీదే కూకుండిపోనావు?" జూలియట్ వెనకొచ్చి నిలబడింది. మెడ వంచి తెరని అనుమానంగా చూసింది. "ముప్పై ఒకటికి ఎంత?"

"తాకనేదక్కా."

"అయితే?"

"సున్నా."

"అమ్మయ్య." జూలియట్ ఆమె భుజం మీద తట్టింది. "మరెందుకే కళ్ళు తుడుసుకుంటావు?"

సత్యశ్రీ కుర్చీ ముందుకి జరుపుకుంది. మీట మీద వేలు పెట్టింది. ఈసారి వేలు ఆగలేదు. ముప్పై ఒకటి ఎదురుగా ఉన్న గడిలో సున్నా వేసి, ఆ పై అంచున చేతులు విప్పి నిలబడ్డవాణ్ణి ఇంకొక్కసారి చూసి, తర్వాతి కిక్ తెరిచింది.